జీపు బుడ్డిలో ఆముదం

మా ఆయన జీపు అమ్మేస్తానన్నప్పుడు నేను పుట్టింటికి పోతానని బెదిరించలేదు. పుట్టిల్లు రెండు వీధుల అవతలే. పైగా మా అత్త నాకు సొంత మేనత్త. నేను మూట కట్టుకొని పోతే మా నాయన కాఫీ తాగించి, తన అక్క దగ్గరికే తిరిగి తోలుతాడు. అందుకని నోరు మూసుకొని ఫోన్లో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. మా ఆయనకు నా ఏడుపంటే లెక్కలేదు గానీ, ఫోను చూసి నేను నేర్చుకునే పనులంటే హడల్.

మాది మార్కాపురం నుంచి దొనకొండ పోయే దారిలో ఒక పల్లె. ఆయనకు మార్కాపురంలో ఎరువులు, విత్తనాల దుకాణం. ఇంటి దగ్గర గొర్రెల పని నాదీ మా అత్తదీ. మందను తిప్పడానికి ఒక జీతగాడున్నాడు. నడవలేని గొర్రెపిల్లల్ని, మేతను, నీళ్ల డ్రమ్ములను మంద ఉన్న చోటికి చేర్చేది జీపు. ఆ జీపు నడిపేది నేను. ఎండాకాలంలో కంభం చెరువు నీళ్లు వెనక్కి పోయి గడ్డి బయటపడితే మంద అక్కడికి పోతుంది. అప్పుడు నేను కూడా కంభం దాకా పోయిరావాలి. మా నాయన ఒకప్పుడు గిద్దలూరు లైన్లో సర్వీసు జీపు నడిపిన మనిషి. గేరు ఎప్పుడు మార్చాలో కంటితో కాదు, చెవితో తెలుసుకోవాలని ఆయనే నేర్పించాడు. స్టీరింగు ముందు కూర్చుంటే నాకు ఎవరి మాటా వినబడదు. అదొక్కటే నాకు దొరికే మనశ్శాంతి.

జీపు పాతది. ఒక కాంట్రాక్టరు వాడి వదిలేస్తే కొన్నాం. ఈమధ్య ఎత్తు ఎక్కేటప్పుడు మూలగడం, వెనక పొగ వదలడం మొదలుపెట్టింది. మా ఆయనకు అంత సాకు చాలు. ఆయన దుకాణానికి వచ్చే పురుగుమందుల కంపెనీల ఏజెంట్లు చిన్నచిన్న తెల్ల కార్లలో వస్తారు. మేము పెళ్లికి జీపులో పోయి దిగితే ఆయన ప్యాంటుకు గొర్రె బొచ్చు అంటుకొని ఉంటుంది. పెళ్లివాళ్లు అత్తరు చల్లేది మర్యాదకో, వాసన పోవడానికో తెలియక ఆయన నలిగిపోతుంటాడు.

"దీని పని అయిపోయింది. అమ్మేసి చిన్న కారు తీసుకుందాం," అన్నాడొకరోజు అన్నం తింటూ.

"పొగ వచ్చేది ఇంజను పోయి కాదు బావా. అది ఇడిచిన ఊపిరి మళ్లా అదే పీలుస్తాంది. ఆ ఊపిరిలో నూనె ఉంటది," అన్నాను.

నిజమే. ఇంజను లోపల మండే గాలి కొంచెం పిస్టన్ల పక్కగా కిందికి జారుతుంది. అది కిందున్న ఆయిల్‌ను తుంపర చేసి, వెంటబెట్టుకొని, పైన ఒక గొట్టంలోంచి బయటికొస్తుంది. ఆ గొట్టం పోయి ఇంజను గాలి పీల్చే దారిలోనే కలుస్తుంది. అట్లా ఏళ్ల తరబడి నూనె పీల్చీ పీల్చీ ఆ దారంతా జిడ్డు, జిడ్డు మీద మసి. గొట్టం మధ్యలో ఒక డబ్బా పెడితే, గాలి దాని గుండా పోతూ నూనెను అక్కడే వదిలిపెడుతుంది. దాన్ని ఆయిల్ క్యాచ్ క్యాన్ అంటారు. ఇదంతా నేను గంటసేపు చెప్పినా మా ఆయనకు ఎక్కలేదు. మా అత్త మాత్రం గంజి వారుస్తూ విని, "ఎసరు మీద మూతకు చెమ్మ పట్టినట్టు," అని తన పని తాను చేసుకుంది.

చివరికి పందెం కుదిరింది. డబ్బా పెట్టుకోవచ్చు. నెలరోజులు ఆగి చూడాలి. దాంట్లో నూనె పడితే నేను చెప్పిన జబ్బు నిజమే, జీపు ఉంటుంది. పడకపోతే నేను చెప్పింది కట్టుకథ, జీపు పోతుంది. ఆదివారం ఆదివారం ఆయన ముందే డబ్బా విప్పి చూపించాలి. ఆయనకు దుకాణం సెలవు ఆ ఒక్క రోజే.

పార్సిల్ వచ్చింది. చెంబంత అల్యూమినియం డబ్బా. పైన రెండు ముక్కులు: ఒకదాంట్లో గాలి లోపలికి, ఇంకోదాంట్లోంచి బయటికి. లోపల ఇనుప పీచు. అడుగుభాగం గ్లాసులాగా తిప్పితే చేతికి ఊడొస్తుంది, పడిన నూనె పారబోయడానికి. మా అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పేరేంది?" అని అడిగింది. చెప్పాను. "బుడ్డి," అని తేల్చేసింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో అది బుడ్డే.

బిగించడానికి మార్కాపురంలో మా బండి చూసే మెకానిక్ భాయి దగ్గరికి పోయాను. ఆయన పానాలు ఇచ్చాడు, స్టూలు వేసుకొని కూర్చున్నాడు, అంతకంటే సాయం చేయలేదు.

"కంపెనీవాళ్లు పెట్టలేదు, నువ్వు పెడతావా అక్కా? వాళ్లకు తెలీదా?" అన్నాడు.

"కంపెనీవాళ్లు గొర్రెపిల్లల్ని పెట్టుకొని కంభం దాకా పోయినారా భాయి?" అన్నాను.

బ్యాటరీ పక్కన, ఇంజను సెగ తగలని చోట చిన్న పట్టీ బిగించి బుడ్డిని నిలబెట్టాను. ఇంజను మీది నుంచి వచ్చే గొట్టం ఒక ముక్కుకు, గాలి దారికి పోయే గొట్టం రెండో ముక్కుకు. ఎట్లాగూ విప్పాం కదా అని గాలి పీల్చే పైపును కూడా డీజిల్‌తో కడిగాను. దాంట్లోంచి వచ్చిన నల్ల ముద్దను చూసి భాయి కూడా కాసేపు వ్యాఖ్యానం ఆపాడు.

నా పిసినారితనం అక్కడే దెబ్బతీసింది. మోటార్ల దుకాణంలో తోటకు వాడే తెల్ల ప్లాస్టిక్ గొట్టం చవగ్గా దొరికితే అదే తగిలించాను. తర్లుపాడు దాటి ఎత్తు ఎక్కేసరికి ఆ వేడికి అది మెత్తబడి, అప్పడంలా అతుక్కుపోయింది. ఇంజను ఊపిరి వదలడానికి దారి లేదు. ఆయిల్ కొలిచే పుల్ల ఠప్పున పైకి తన్నుకొచ్చి బానెట్టు లోపలంతా నూనె చిమ్మింది. నేను అదే పుల్లను గుడ్డతో తుడిచి లోపల పెట్టి, అతుక్కుపోయిన గొట్టం పీకేసి, మెల్లగా వెనక్కి తెచ్చుకున్నాను. భాయి కడుపు పట్టుకొని నవ్వాడు. నవ్వి, నూనెకు ఓర్చుకునే నల్ల రబ్బరు గొట్టం, గట్టి క్లిప్పులు తీసి ఇచ్చాడు. ఈసారి వంపులు లేకుండా, మడత పడకుండా బిగించాను. అదిగో, ఆ తర్వాత జీపు నిజంగానే కులాసాగా లాగింది. పొగ తగ్గింది. ఆ సంగతి మా ఆయనకు చెబితే, "ఎండలు తగ్గినాయిలే," అన్నాడు. ఎండలకూ పొగకూ ఏం సంబంధమో ఆయనకే తెలియాలి.

మొదటి ఆదివారం వచ్చింది. కాఫీ గ్లాసు పట్టుకొని ఆయన జీపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అత్త చాటలో బియ్యం ఏరుకుంటూ అరుగు మీద. నేను పూజారిలా బుడ్డి అడుగు తిప్పి ఊడదీశాను. ఖాళీ. అడుగున పల్చటి మెరుపు తప్ప చుక్క లేదు.

"ఏమే, నీ రోగి బాగానే ఉన్నాడే," అన్నాడు మా ఆయన. కాఫీ చివరి గుక్క జుర్రుమని తాగాడు. ఆ చప్పుడు నాకిప్పటికీ ఒళ్లు మండిస్తుంది.

ఆ రోజంతా నేను అన్నం తినలేదు. వారమంతా కంభం తిరిగిన బండి. చెంచాడన్నా పడాలి కదా. క్లిప్పులు చూశాను, గొట్టాలు ఊది చూశాను, ఫోన్లో అరవంలో ఉన్న వీడియోలు కూడా భాష రాకపోయినా చూశాను. తప్పు ఎక్కడా దొరకలేదు. అత్త నన్ను చూస్తూనే ఉంది.

రెండో ఆదివారం విప్పితే అర బుడ్డి నూనె. నేను చంకలు గుద్దుకున్నాను. మా ఆయన మొహం చూడాలి. సంతోషం లేకపోవడం సరే, పందెం ఓడేవాడికి సంతోషం ఎందుకుంటుంది. కానీ ఆయన మొహంలో ఉన్నది బాధ కాదు, ఆశ్చర్యం. తాళం వేసిన ఇంట్లో ఎవరో నడుస్తున్నట్టు చూశాడు బుడ్డి వంక. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

ఇంకోటి కూడా అర్థం కాలేదు. బుడ్డిలో నూనె రెండు పొరలుగా ఉంది. పైన పల్చగా నల్లది, కింద మందంగా తేనె రంగుది. కొన్నిసార్లు చెమ్మ నీళ్లు కూడా పడతాయని విన్నాను, అవేమో అనుకొని వేలు ముంచాను. నీళ్లు కాదు, బంక. వాసన చూశాను. చిన్నప్పుడు బడికి పోయే ముందు మా అత్త నా నెత్తిన ఇంత పోసి అరచేత్తో రుద్దేది. ఆ వాసన.

మా చేను గట్ల మీద ఆముదం చెట్లున్నాయి. అత్త గింజలు దంచి, ఉడకబెట్టి, తానే వంటాముదం తీస్తుంది. నెత్తికి అదే, పిల్లల కడుపుకు అదే, గొర్రెపిల్లకు కడుపుబ్బరమైతే అదే. ఇంజనుకు కూడా అదేనని నాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాటి నుంచి తెల్లవారే వేళ కిటికీ రెక్క సందులోంచి జీపు మీద కన్నేశాను. గురువారం దొరికింది దొంగ. అత్త పాలు పితికి వస్తూ, చెంబు కింద పెట్టి, చెంగు నడుముకు దోపుకొని, బానెట్టు ఎత్తి పుల్ల ఆనించి, బుడ్డి అడుగు ఎంత ఒడుపుగా తిప్పిందో! నేను ఎడమకు తిప్పాలా కుడికి తిప్పాలా అని ఇంకా ఆలోచించే మనిషిని. చిన్న గిన్నెలోంచి ఆముదం వంచి, బిగించి, బానెట్టు దించి, దాని మీద రెండు సార్లు తట్టింది. ఈనబోయే గొర్రెను తట్టినట్టు. నేను దుప్పట్లో మొహం పెట్టుకొని నవ్వాను.

రెండో దొంగ శనివారం దొరికాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, నేను చేలో ఉన్నాననుకొని, మా ఆయన బుడ్డి విప్పాడు. నేను మిద్దె మీద చింతపండు ఎండబోస్తున్నాను. పైనుంచి అంతా కనబడుతూనే ఉంది. అందులోది ఒక పాత సీసాలోకి వంచి, కోళ్లగూడు వెనక దాచాడు. చేతులు మాత్రం తన తెల్ల చొక్కా లోపలి అంచుకు తుడుచుకున్నాడు, బట్టలు ఉతికేది ఎవరో మరిచిపోయి. మొదటి ఆదివారం బుడ్డి ఎందుకు ఎండిపోయి ఉందో అప్పుడు తెలిసింది.

ఆ క్షణమే దిగి చొక్కా పట్టుకునేదాన్ని. నా కోపం అట్లాంటిదే, ముక్కు మీదే ఉంటుంది. కానీ మెట్ల దాకా వచ్చి ఆగాను. ఆయన దొంగతనం బయటపెడితే, "మరి నేను పారబోసినాక కూడా బుడ్డి ఎట్ల నిండింది?" అని అడుగుతాడు. అప్పుడు అత్త దొంగతనం బయటపడుతుంది. కొడుకు పారబోస్తాడని తల్లికి తెలియదు. తల్లి నింపుతుందని కొడుక్కి తెలియదు. ఇద్దరి సంగతీ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అంత మంచి స్థితిని నా నోటితో నేనెందుకు చెడగొట్టుకోవాలి?

అప్పటి నుంచి మా ఇంట్లో భోజనాలు మహా సరదాగా నడిచాయి.

"ఇంజనులో నూనె తగ్గుతాందా బావా, పుల్ల తీసి చూసినావా?" అని నేను అడిగేదాన్ని.

"నాకేం తెలుసు. నీ బండి నీ ఇష్టం," అనేవాడు ముద్ద మింగలేక.

"ఈ నెల ఆముదం తొందరగా అయిపోయిందేంది అత్తా?"

"ఎండాకాలం గదా పాపా, నెత్తి ఎక్కువ తాగుతాంది," అనేది అత్త, రెప్ప కూడా కొట్టకుండా.

నవ్వులాట సరే, నాకో భయం కూడా ఉండేది. బుడ్డి సగానికి మించి నిండకూడదు. నిండితే గాలితో పాటు ఆ నూనెను కూడా ఇంజను గుంజుకుంటుంది. డీజిల్ ఇంజనుకు ఏ నూనైనా ఒకటే, దొరికిందల్లా కాలుస్తుంది. అందుకని అత్త పోసిన కాసేపటికి నేను పోయి ఆముదం వంచేసి, బుడ్డి తుడిచి, మళ్లీ బిగించేదాన్ని. ఆదివారం పొద్దున మాత్రం వదిలేసేదాన్ని, ఎట్లాగూ కదలని బండి అని. ఆ వంచిన ఆముదంతో మా ఇంటి తలుపుల బందులన్నీ కిర్రుమనడం మానేశాయి. ఇట్లా ఒక్క బుడ్డికి ముగ్గురం మూడు పూటలా సేవ చేస్తుండగా, ఇంజను తాను నిజంగా ఇచ్చేది ఎంతో కూడా చూసుకున్నాను. కంభం పోయొచ్చిన ప్రతిసారీ అడుగున చెంచాడు నల్ల నూనె. ఆరోగ్యంగా ఉన్న ఇంజను ఇవ్వాల్సింది అంతేనని వీడియోల్లో చెప్పారు. నా బుడ్డి పని చేస్తోంది, నా ఇంజను బాగుంది. ఈ మాట ఎవరితోనూ చెప్పుకోలేకపోవడమే నాకు పెద్ద శిక్ష.

నెల నిండకముందే మా ఆయన పందెం తప్పాడు. శనివారం సాయంత్రం అన్నం ముందు కూర్చొని, "రేపు కురిచేడు నుంచి బేరగాడు వస్తాండాడు, జీపు చూసుకోను," అన్నాడు. గొర్రెల వ్యాపారి, దూరపు చుట్టం, వరసకు ఆయనకు బావ.

"ఇంకా నెల నిండలేదు," అన్నాను.

"చూసి పోతాడులే. చూస్తే అరుగుతుందా?"

నేను అరిచాను. ఆయన అరిచాడు. అత్త గిన్నెలు సర్దుకొని లేచింది. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం నాకు ఏడుపొచ్చింది. ఆ జీపు పోతే నేను ఇంటి నుంచి చేనుకు, చేను నుంచి ఇంటికి నడిచే మనిషినైపోతాను. చిన్న తెల్ల కారు తాళం ఎవరి జేబులో ఉంటుందో అడగక్కర్లేదు.

పొద్దున దొడ్లో రెండు గొర్రెపిల్లలు కడుపు చెడి పారుకుంటున్నాయంటే మందు తాగిస్తూ ఉండిపోయాను. బేరగాడొస్తే ఈ ఆదివారం బండి స్టార్టు చేయాల్సొస్తుంది, బుడ్డి ముందే వంచెయ్యాలన్న సంగతే గుర్తు రాలేదు. నేను బయటికొచ్చేసరికి బేరగాడు వచ్చేశాడు, తెల్లపంచె, మెడలో తువ్వాలు. బానెట్టు ఎత్తి ఉంది.

"ఈ చెంబేంది బావా?" అని అడుగుతున్నాడు.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆ తర్వాత ఆయన చెప్పింది వింటే నా చెవులు నేనే నమ్మలేకపోయాను. ఇంజను ఊపిరి, నూనె తుంపర, ఎసరు మీద మూతకు చెమ్మ, అన్నీ మా మాటలే, పొల్లు పోకుండా అప్పజెప్పాడు. "ఇది పెట్టినాక ఇంజనుకు ముసలితనం రాదు. అసలు మన ఇంజను ఎంత టైటుగా ఉందంటే, దీంట్లో సుక్క కూడా పడదు. సూడు," అని ఒక్క తిప్పు తిప్పి అడుగు ఊడదీశాడు.

అంచు దాకా ఉంది. తొణికి బేరగాడి తెల్లపంచె మీద పడింది.

"నిన్ననే ఖాళీ చేసినా గదా," అన్నాడు మా ఆయన. అన్నాక నా వైపు చూశాడు. నేను మిద్దె మెట్ల వైపు చూశాను, నవ్వు ఆపుకోవడానికి.

"ఒక్క రోజుకు ఇంత కక్కుతాందా?" అన్నాడు బేరగాడు పంచె దులుపుకుంటూ. "రింగులు పోయినాయి బావా. ఇది ఇంజను కాదు, గానుగ."

అంతే, నా నవ్వు ఎగిరిపోయింది. జీపు పోకుండా ఉండాలంటే నేను ఆ మాటకు దణ్ణం పెట్టాలి. తెలుసు. కానీ నా ఇంజనును గానుగ అంటాడా? నేను కడిగి, తుడిచి, చెంచాతో కొలిచి చూసుకున్న ఇంజనును? "అన్నా, అది మా ఇంజనుది కాదు, అది..." అని నోరు తెరిచాను. మా అత్త ఎప్పుడొచ్చిందో పక్కకొచ్చి, మడమతో నా కాలి వేళ్లు తొక్కింది. గొర్రెల వెంట బండల్లో తిరిగిన మడమ అది. మిగతా మాట గొంతులోనే ఉండిపోయింది.

"సరే, స్టార్టు చేయమ్మా, చూద్దాం," అన్నాడు బేరగాడు. నిండిన బుడ్డిని నిండినట్టే బిగించేశారు.

చేయకూడదని నాకు తెలుసు. ఎందుకు చేయకూడదో చెబితే అంతా బయటపడుతుంది. ఊరికే నిలబెట్టి నడిపితే ఏమీ కాదులే అనుకొని ఎక్కి తాళం తిప్పాను. బాగానే పలికింది. "రేజు చెయ్," అని మా ఆయన చేయి ఊపాడు. కొంచెం తొక్కాను. ఇంజను ఒక్కసారిగా బుడ్డిలోది గుంజుకుంది.

తర్వాత నేను తొక్కలేదు, అదే లేచింది. కాలు తీసేశాను. అయినా అరుపు పెరుగుతూనే ఉంది. వెనక నుంచి తెల్లటి పొగ, మొదట మా వాకిలి, తర్వాత వీధి, తర్వాత ఎదురింటి గేదెలు, ఏవీ కనబడకుండా పోయాయి. ఊరంతా ఆముదం దీపం ఆర్పిన వాసన. తాళం తిప్పి బయటికి లాగేశాను. ఆగలేదు. తాళం చేతిలో ఉంది, ఇంజను మాత్రం అరుస్తోంది. ఇంకాసేపు అట్లాగే వదిలితే లోపల అన్నీ విరిగిపోతాయి. ఘాట్‌లో ఇట్లాంటిది జరిగితే ఏం చేయాలో మా నాయన చెప్పిన మాట కాళ్లకు గుర్తొచ్చింది. బ్రేకు అదిమిపట్టి, పై గేరులో వేసి, క్లచ్చు ఒక్కసారి వదిలేశాను. జీపు ముందుకు ఎగిరి, గుక్కపట్టి, చచ్చినట్టు ఆగింది.

పొగ తేలిపోయేసరికి బేరగాడు వీధి చివర తన మోటారుసైకిల్ దగ్గరున్నాడు.

"తాళం తీసినా ఆగని బండి నాకెందుకు బావా," అని అక్కడి నుంచే అన్నాడు. "ఫ్రీగా ఇచ్చినా వద్దు." మోటారుసైకిల్ తిప్పుకొని వెళ్లిపోయాడు.

నేను దిగాను. జీపు మిగిలిందన్న సంతోషం కంటే అది చచ్చిపోయేదన్న భయమే ఎక్కువగా ఉంది. "ఇంజను పగిలిపోయేది అత్తా. అంచు దాకా పోస్తారా ఎవరన్నా?" అని అరిచాను. అరిచాక గానీ ఏం బయటపెట్టానో తెలియలేదు.

మా ఆయన తల్లి వైపు తిరిగాడు. ఆమె చెంగుకు ఆముదం మరక. ఆయన చొక్కా అంచుకు నల్ల మరక. ఇద్దరూ ఒకరి మరక ఒకరు చూసుకున్నారు.

"నువ్వా అమ్మా పోసింది?" అన్నాడు.

"నువ్వా నాయనా పారబోసింది?" అంది అత్త.

ఆయనకే కోపం వచ్చింది, తప్పు చేసినవాడికి రావాల్సినట్టే. "నీకెందుకమ్మా ఇదంతా? కారు కొంటే నీకూ సుఖమే గదా. ఏసీలో కూచోని పోవచ్చు."

అత్త జీపు మెట్టు మీద కూర్చుంది. కాళ్లకు దొడ్లో తొక్కిన పేడ, పెంటికల మట్టి. వాటి వంకే చూస్తూ మాట్లాడింది.

"నీ కార్లో గొర్రెపిల్లను ఎక్కనిస్తావా?"

"గొర్రెపిల్లను ఎట్ల ఎక్కిస్తారమ్మా కార్లో?"

"నన్ను ఎక్కనిస్తావు. కాళ్లు దులుపుకొని ఎక్కమంటావు."

"నేనెప్పుడన్నా అట్లన్నానా నిన్ను?"

"దుకాణంలో టైల్స్ ఏయించినావే, అప్పుడన్నావు. నేను గుమ్మంలోనే నిలబడి నీ అన్నం క్యారియరు నీ చేతికిచ్చి వచ్చేసినా. ఆనాటి నుంచి నీ దుకాణంలో నేను కాలు పెట్టలా. నువ్వు కనుక్కోలా."

నాకూ తెలియదు ఆ సంగతి. అత్త దుకాణానికి ఎందుకు రావడం లేదో నేనూ ఏనాడూ అడగలేదు. మా ఆయన మొహంలో కోపం ఎటు పోయిందో పోయింది. బానెట్టు దగ్గరికి పోయాడు. బుడ్డి విప్పాడు. మిగిలిన ఆముదం వంచి, ఇనుప పీచుతో సహా డీజిల్‌లో కడిగి, ఎండలో పెట్టాడు. గాలి పైపులోకి పోయింది కూడా గుడ్డ దోపి తీశాడు. ఎట్లా బిగించాలో నన్ను అడిగి అడిగి బిగించాడు. అడగడం ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు. ఏ ముక్కుకు ఏ గొట్టమో మాత్రం రెండుసార్లు తప్పు చెప్పి, మూడోసారి సరిగ్గా చెప్పాను.

స్టార్టు చేస్తే మామూలుగా పలికింది. నేను చెవి పెట్టి విన్నాను, దెబ్బ తగిలిన చప్పుడు లేదు.

"అమ్మా, ఎక్కు. దుకాణం దాకా పోయొద్దాం," అన్నాడు మా ఆయన.

"ఆదివారం దుకాణంలో ఏం పని?"

"పని లేదులే. ఎక్కు."

అత్త ముందు సీట్లో ఎక్కింది. కాళ్లు దులుపుకోలేదు. ఆయన వెనక, మేత మూటల మధ్య కూర్చున్నాడు. నేను నడిపాను. మార్కాపురం చేరాక ఆయన దిగి షట్టరు పైకెత్తి పక్కకు తప్పుకున్నాడు. అత్త గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి నా వంక చూసింది, తర్వాత లోపలికి పోయింది. తెల్లటి టైల్స్ మీద గుమ్మం నుంచి కొడుకు కుర్చీ దాకా పేడ అడుగులు పడ్డాయి. ఆమె ఆ కుర్చీలో కూర్చొని చుట్టూ చూస్తుంటే, నేను అలవాటు కొద్దీ మూలనున్న చీపురు అందుకున్నాను. మా ఆయన నా చేతిలోంచి దాన్ని తీసుకొని షట్టరు వెనక పెట్టాడు.